ఎడమ చెవిలో ఊపిరి

మేడమీద గది నుంచి,
ఆదివారం

మరిదికి వదిన ఆశీస్సులు.

నీ పార్శిల్ అందింది. పోస్టుమాన్ దాన్ని రెండు చేతులా మోసుకుంటూ మేడెక్కి, ఇందులో ఇటుకలేమైనా ఉన్నాయా అని అడిగాడు. మా మరిది స్వయంగా చేసిన హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ అని చెప్పాను. దాంతో బరువేమీ తగ్గలేదు గానీ, ఆయన దాన్ని గుమ్మం దగ్గర పడెయ్యకుండా బల్ల మీద పెట్టి వెళ్లాడు.

ఉద్యోగానికి దీని అవసరం ఎంత ఉందో నీకు చెప్పనక్కర్లేదు. ఆసుపత్రి డాక్టర్లు గబగబా రికార్డు చేసి పంపిన మాటల్ని నేను విని టైపు చెయ్యాలి. వాళ్లలో ఒకాయన ప్రతి మాటకీ తోక మింగేస్తాడు. ఆపరేషన్ ఏ కాలికో తేల్చుకోవడానికి ఇన్నాళ్లూ పదేసిసార్లు వెనక్కి తిప్పి వినేదాన్ని. ఇప్పుడు ఒక్కసారికే తెలుస్తోంది. ఊళ్లో కొందరు కుంటకుండా నడిచారంటే ఆ పుణ్యం నీదే.

ఒకటే ఫిర్యాదు. మాటల వెనక సన్నగా సుయ్‌మని చప్పుడు, పొయ్యి మీద నీళ్లు కాగుతున్నట్టు. నీకు చెప్పకుండా ఊరుకుందామనుకున్నాను, కానీ నువ్వు రికార్డింగు చేసే స్టూడియోలో నీతో అన్నేళ్లు పనిచేసి ఆ మాత్రం మొహమాటం కూడా పోగొట్టుకున్నాను.

అన్నట్టు, మా చెల్లి, అదే మీ ఆవిడ బుల్లి, ఫోన్ చేసింది. తను పాడిన ఆ పాట వచ్చి పాతికేళ్లయిందని సన్మానం చేస్తున్నారట కదా. రెండో చరణంలో ఆ పొడుగు లైను ఒక్క ఊపిరితో ఎలా పాడిందో నేనే వేదికెక్కి చెప్పాలట. నేను కాక ఎవరు చెబుతారు, దానికి ట్రాక్ పాడిందాన్ని నేనే కదా. ట్రాక్ అంటే సభలో అందరికీ తెలియదు కాబట్టి ఇలా రాసుకున్నాను, విను.

"గాయని నేర్చుకోవడానికి వీలుగా ముందు ఇంకొకరు పాడి పెడతారు. పనయ్యాక దాన్ని చెరిపేస్తారు. ఈ పాటకి ఆ పని నాది. బాగుంటే పాట నాకే ఇస్తామన్నారు. ఆ రోజు నా గొంతు పగిలిందన్నారు. సంగీత దర్శకుడు గారు వద్దన్నారు. మా చెల్లి పాడింది. రికార్డు విన్నాక, మా ఇంట్లో పాడటానికి ఒకరు చాలునని నాకు తెలిసిపోయింది."

చివరి మాట జనం నవ్వేలా చెబుతాను. ఏడ్చేలా చెబితే బుల్లి వేదిక మీదే ముక్కు చీదుతుంది. బాగుందో లేదో రాయి.

మీ వదిన


వర్క్‌షాపు నుంచి,
బుధవారం

వదిన గారికి నమస్కారాలు.

ఆ సుయ్‌మనే చప్పుడు మీకు దొరుకుతుందని భయపడుతూనే పంపాను. తొందరలో మామూలు సామాను వేసి బిగించేశాను, నా తప్పే. ఈ పెట్టెలో కొత్త రెసిస్టర్లు, ఫిల్మ్ కెపాసిటర్లు పంపుతున్నాను. మీకు సోల్డరింగ్ ఐరన్ పట్టడం నేర్పింది నేనే కాబట్టి ధైర్యంగా మీ చేతికి వదిలేస్తున్నాను. పాతవి ఒక్కొక్కటే తీసి, దాని చోట కొత్తది పెట్టి, ఆ తర్వాతే ఇంకోదాని జోలికి వెళ్లండి. ఈ కెపాసిటర్లకి ప్లస్సూ మైనస్సూ లేవు, ఎటు పెట్టినా ఫరవాలేదు.

ఇంత చిన్న ముక్కకి అంత ఖరీదెందుకని మీ చెల్లెలు రోజూ నన్ను దులుపుతుంది. మీకైతే అర్థమవుతుంది. కెపాసిటర్ గుమ్మం దగ్గర కాపలావాడి లాంటిది. అక్కర్లేని కరెంటుని బయటే ఆపి పాటని లోపలికి పంపాలి. చవకరకం వాడు పాటలోంచి కొంత తన జేబులో వేసుకుంటాడు. రెసిస్టరు చవకదైతే తన రొద తాను కలుపుతుంది. మంచి కాంపోనెంటు పాటకి కొత్తగా ఏమీ కలపదు వదినా. ఉన్నదాంట్లోంచి ఏమీ తియ్యదు. మనం డబ్బు పెట్టేది అందుకే.

బిగించాక ఉత్త వయొలిన్ గానీ, ఫ్లూటు గానీ వినండి. తేడా బాగా తెలుస్తుంది. మన బుల్లి పాట మాత్రం ఇందులో పెట్టకండి. అప్పటి రికార్డింగులు పలచన. మంచి సామాను మీద పాతవి వింటే ఉన్న ఇష్టం కాస్తా పోతుంది.

ప్రసంగం బాగుంది. ఆ ట్రాక్ సంగతంతా అవసరమా అని మాత్రం అనిపించింది. జనానికి విసుగు పుడుతుందేమో, చూడండి.

ఇట్లు
మీ మరిది


మేడమీద గది నుంచి,
సెలవు రోజు

మరిదికి,

చూపుడువేలు కాలింది. మిగతాదంతా దివ్యంగా ఉంది.

వయొలిన్ విన్నాను. ఇదివరకు వయొలిన్ వినిపించేది, ఇప్పుడు కమాను తీగని తాకే చోటు కూడా వినిపిస్తోంది. ఇక మా డాక్టర్ల సంగతి చెప్పకు. తోక మింగే ఆయన మాట్లాడుతూ ఏదో బిళ్ల చప్పరిస్తాడు. ఇంకొకావిడ రోగి పేరు మరిచిపోయినప్పుడల్లా పెన్ను టకటకలాడిస్తుంది. వాళ్ల గదుల్లో నేనొక మూల స్టూలేసుకుని కూర్చున్నట్టుంది. అప్పుడప్పుడూ సిగ్గేస్తోంది కూడా.

ఏళ్ల తర్వాత చెవులకి పని దొరికింది మరిదీ. పాడటం మానేశాక చెవులు కూడా మూసేసుకున్నాను కాబోలు. వంట చేస్తూ నిన్న ఏదో కూనిరాగం తీశాను, కింద వాటా ఆవిడ రేడియో పెట్టారా అని అడిగింది. పొంగిపోయానని ప్రత్యేకంగా రాయాలా.

సుయ్ చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఏదో గొప్ప చిప్ ఉందని బుల్లి దగ్గర కోతలు కోశావట. అది మీ ఇంట్లో షోకేసులో పెట్టుకోవడానికా, మాలాంటి వాళ్లకి పంపడానికా?

ట్రాక్ సంగతి తీసెయ్యమంటే తీసేస్తాను. కానీ అది తీసేస్తే ఆ వేదిక మీద నాకేం పని చెప్పు. ఆ పాటలో నాకున్న వాటా అంతా అదే.

మీ వదిన


వర్క్‌షాపు నుంచి

వదిన గారికి,

చిప్ పంపుతున్నాను. దాంతోపాటు కొత్త వాల్యూమ్ కంట్రోలు, పవర్ సప్లైలోకి ఒక రెగ్యులేటరూ. ఇవి వేశాక సుయ్ ఉండదు. కుడి చెవి మాట ఎడమ చెవిలోకి కారదు. వాయిద్యం వాయిద్యానికీ మధ్య ఖాళీ తెలుస్తుంది. నేను ఇన్నేళ్లలో చేసినవాటిలో ఇదే మంచి యాంప్ అవుతుంది, అది మీ దగ్గర ఉండటం నాకు గర్వం. మీ డాక్టరు అబద్ధం ఆడినా ఇందులో దొరికిపోతాడు.

చిప్ కాళ్లు సున్నితం. ఒక చివర చిన్న గుంట ఉంటుంది, బోర్డు మీద గుర్తు ఉన్న వైపుకి అది రావాలి. తిరగేస్తే కాలిపోతుంది.

వదినా, చాదస్తం అనుకోకండి, ఆ పాట మాత్రం వద్దు. సన్మానానికి కొత్తగా శుభ్రం చేసిన కాపీ నేనే తయారు చేస్తున్నాను. అది విందురుగాని.

మీ మరిది


మేడమీద గది నుంచి,
శనివారం

మరిదికి,

వద్దన్న పని చెయ్యడం మా ఇంటి ఆచారమని పెళ్లికి ముందే బుల్లి నీకు చెప్పి ఉండాల్సింది. చిప్ బిగించాను. మొదట పెట్టింది ఆ పాటే.

రికార్డింగు పలచన అని ఎందుకన్నావో అర్థం కాలేదు. ఇన్నాళ్లూ గోడలా వినిపించిన వయొలిన్లు ఇప్పుడు మనుషుల్లా వేరువేరుగా కూర్చున్నాయి. బుల్లి గొంతు ఎంత లేతగా ఉందో. పల్లవి అయ్యేసరికి నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

తర్వాత రెండో చరణంలో ఆ పొడుగు లైను వచ్చింది. సగం దాటాక ఎడమ చెవిలో ఎవరో ఊపిరి తీసుకున్నారు. దగ్గరగా, గబుక్కున, నీళ్లలోంచి పైకి లేచినట్టు. పాట ఆగలేదు. లైను చివరిదాకా సాగుతూనే ఉంది.

పాడుతూ ఊపిరి తీసుకునే విద్య బుల్లికి ఎవరు నేర్పారు? మాకు సంగీతం మాస్టారు నేర్పలేదే. కోరస్ అమ్మాయి ఎవరైనా మైకు దగ్గర నిలబడిందా? నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వు ఆ గదిలో ఈగ వాలినా గుర్తుపెట్టుకునేవాడివి. వెంటనే రాయి.

వదిన


వర్క్‌షాపు నుంచి,
స్పీడు పోస్టులో

వదిన గారికి,

మీ ఉత్తరం చూసి ఆశ్చర్యపోయాను. అది చిప్‌లో లోపం. కొన్ని చిప్‌లు బోర్డుతో కుదరక తమంతట తామే ఊగి చప్పుడు చేస్తాయి. ఆ ఊగుడు ఒక్కోసారి అచ్చం ఊపిరిలా వినిపిస్తుంది. యాంప్‌ని వెంటనే నాకు పంపెయ్యండి, మార్చి పంపుతాను. ఈలోగా అందులో ఏమీ వినకండి, చెవులకి మంచిది కాదు.

ఈ విషయం బుల్లితో అనకండి. సన్మానం దగ్గరపడి అసలే కంగారుగా ఉంది.

మరిది


మేడమీద గది నుంచి

మరిదికి,

నా చెవిలో పువ్వు పెట్టాలంటే ముందు ఆ చెవికి ఇంత మంచి యాంప్ ఇచ్చి ఉండకూడదు.

నీ చిప్ తీసి పాతది పెట్టి విన్నాను. ఊపిరి ఉంది, సుయ్ కింద మసగ్గా. పాతికేళ్లూ అక్కడే ఉంది. మళ్లీ కొత్తది పెట్టి డాక్టర్ల రికార్డులు విన్నాను, ఫ్లూటు విన్నాను, వయొలిన్ విన్నాను. ఏ ఊపిరీ లేదు. ఈ ఒక్క పాటలో, ఆ ఒక్క లైనులో, ప్రతిసారీ అదే అక్షరం దగ్గర నీ చిప్ ఊగుతోందా? మంచి కాంపోనెంటు పాటకి కొత్తగా ఏమీ కలపదని రాసింది నువ్వే. ఆ ఉత్తరం నా ముందే ఉంది.

తర్వాత ఎడమ చెవి వైపు తీసేసి కుడివైపే విన్నాను. అక్కడ ఒక గొంతు ఆ లైను మొత్తం ఆగకుండా పాడింది. చివరి అక్షరం దగ్గర చిన్న వణుకు. ఆ వణుకు మాన్పించడానికే మాస్టారు నన్ను గది బయట నిలబెట్టేవారు. అది బుల్లికి ఎప్పుడూ లేదు. మా ఇద్దరి గొంతులూ ఒకేలా ఉంటాయని, ఫోన్లో అమ్మ కూడా పోల్చుకోలేదని నవ్వుకునేవాళ్లం. నువ్వు దాన్నే వాడుకున్నావు.

నా ట్రాక్ చెరిపేశానన్నావు. గొంతు పగిలింది, ఎందుకూ పనికిరాలేదన్నావు. నా భుజం తట్టి, అందరికీ రాసిపెట్టి ఉండదు వదినా అన్నావు. అప్పటికింకా మీ పెళ్లి కాలేదు, అయినా వదినా అని పిలిచావని మురిసిపోయాను.

నేను పాట ఎందుకు మానేశానో నీకు తెలుసు. ఆ రికార్డు విని మానేశాను. ఆ లైను ఒక్క ఊపిరితో పాడగలిగే మనిషి మా ఇంట్లోనే ఉండగా నేనెందుకని మానేశాను. ఇప్పుడు తెలిసింది, నన్ను ఓడించింది నా గొంతే. ఎవరూ గెలవని పోటీలో ఓడిపోయానని నమ్మి, పాతికేళ్లు పరాయివాళ్ల ఎముకల గురించి టైపు చేశాను.

నీ మీద కోపంగా ఉంది. ఈ మాట మెత్తగా ఎలా రాయాలో నాకు తెలియదు, రాయాలని కూడా లేదు. ఒక్కటే చెప్పు. బుల్లికి తెలుసా?

యాంప్ పంపను.

ట్రాక్ పాడిన మనిషి


వర్క్‌షాపు నుంచి

వదినా,

అబద్ధం ఇక కుదరదు. అడిగింది ముందు చెబుతాను. ఆమెకు తెలియదు.

ఆ రోజు పొద్దుటి నుంచి ఆ లైను ఆమె ఎంత ప్రయత్నించినా సగంలోనే తెగిపోయింది. బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. సంగీత దర్శకుడు గారు నన్ను పిలిచి, ట్రాక్ ఒకసారి పెట్టమన్నారు. విని, "ఈ గొంతే ఉంచేద్దాం, ట్రాక్ పాడిన అమ్మాయిని రమ్మనండి," అన్నారు.

అది మీకు చెప్పాల్సినవాణ్ని నేనే. పొరపాటున ట్రాక్ చెరిగిపోయిందని తర్వాత ఆయనతో అన్నాను. ఆయన మిమ్మల్ని వద్దన్నారని మీతో అన్నాను. బుల్లిని అప్పుడు అలా చూడలేకపోయాను వదినా. ఆమెని ఇంటికి పంపేసి, ఆ ఒక్క లైనులో ఆమె గొంతు కింద మీది పరిచాను. రెండూ ఒకే చోట ఉంటే తెలిసిపోతుందని ఆమెది కాస్త ఎడమకీ, మీది కాస్త కుడికీ జరిపాను. వయొలిన్లు పైకి తెచ్చాను. ఆమె ఊపిరి చెరపడం మరిచిపోయానో, వినిపించదులే అనుకున్నానో ఇప్పుడు నాకే తెలియదు. అప్పటి సామానులో అది వినిపించేది కాదు. ఆమె పాడిన టేకుల్లో ఒకటి బాగా వచ్చిందని, దాన్ని అతికించానని ఆమెకి చెప్పాను, నమ్మింది.

సంగీత దర్శకుడు గారు పోయాక ఇది నాతోనే పోతుందనుకున్నాను. మంచి యాంప్ చేసి మీకు పంపాలని ఎందుకు తపించానో తెలియదు. మీకేదో ఒకటి బాకీ ఉన్నానని లోపల ఉండేది. ప్రతి ముక్కా ఏరి ఏరి పంపాను. అది ఇలా తిరిగి నాకే తగిలింది.

నన్ను ఏమన్నా పడతాను. కానీ ఆ సన్మానం ఆమెది. ఆమెని ఒక్కూపిరి గాయని అంటారు. అది లేదంటే ఆమె తట్టుకోలేదు. మీరు రాసుకున్న ప్రసంగమే చదవండి వదినా. మీ కాళ్లు పట్టుకుంటాను. ఆమె వచ్చే వారం మీ దగ్గరికి వస్తానంటోంది. దయచేసి ఆ యాంప్ ఆమె కంటపడనివ్వకండి.

మీ మరిది


మేడమీద గది నుంచి,
బుల్లి వెళ్లిన మర్నాడు

బుల్లి వచ్చి వెళ్లింది. ఏం జరిగిందో నీకూ తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే యాంప్ దాచాను. నీ మాట మీద కాదు, దాని మొహం చూసి. బట్టల బీరువాలో దుప్పటి కింద పెట్టాను. అది దుప్పటి కోసం బీరువా తీసింది. ఇది మావారి చేతిపనిలా ఉందే అని, నన్ను అడక్కుండానే బల్ల మీద పెట్టుకుని, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, తన పాటే పెట్టుకుంది. నేను కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడిపోయాను. ఇప్పుడు దానికి తెలిసిపోతుంది, ఏడుస్తుంది, ఎలా ఓదార్చాలా అని ఆలోచిస్తున్నాను. నీ మీద అంత కోపంలోనూ నేను ఆలోచించింది దాని గురించే, అది రాసిపెట్టుకో.

ఆ లైను దగ్గర దాని చెయ్యి ఎడమ చెవి మీదికి వెళ్లింది. పాట పూర్తయ్యేదాకా విని, హెడ్‌ఫోన్స్ తీసి, తీగ చక్కగా చుట్టి పెట్టింది. ఏడవలేదు.

"ఇంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదక్కా," అంది.

నీకు తెలుసా అని అడిగాను.

"ఆ లైను నేను ఒక్కసారి కూడా పూర్తిచెయ్యలేదు. చెయ్యనిదాన్ని ఈయన ఎక్కణ్నుంచి తెచ్చి అతికిస్తాడు? రికార్డు విన్న రోజే తెలిసింది. నీ వణుకు నాకు తెలియదా?"

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను. అబద్ధం ఆడుతుందని ఎదురుచూశాను మరిదీ. నిజం. ఏదో ఒక మంచి అబద్ధం ఆడితే పట్టుకుని వేలాడదామనుకున్నాను. నీ కాపురం కోసమని అన్నా, అమ్మ కోసమని అన్నా సరే అనేదాన్ని. అది నా మొహం వైపే చూస్తూ చెప్పింది.

"చెబితే నువ్వు మళ్లీ పాడేదానివి."

తర్వాత కాఫీ తాగింది. సన్మానానికి ఏ రంగు చీరైతే బాగుంటుందని అడిగింది. ఏదో రంగు చెప్పాను. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర నన్ను పట్టుకుని చాలాసేపు నిలబడింది. నేను పట్టుకున్నానో లేదో గుర్తులేదు.

కాబట్టి నువ్వు భయపడాల్సిందేమీ లేదు. తనకి తెలుసన్న సంగతి అది నీకు చెప్పలేదు, అతికించింది నా గొంతని నువ్వు దానికి చెప్పలేదు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చక్కగా కాపాడుకున్నారు. నీ ద్రోహం నాకు కొంత అర్థమైంది, మెట్ల మీద ఏడుస్తున్న పిల్లని చూసి చేశావు. దానిది అర్థం చేసుకోవడానికి నాకు ఎంతకాలం పడుతుందో తెలియదు. ఒకే మంచం మీద పడుకుని పెరిగినవాళ్లం.

సన్మానానికి రాను. ఒంట్లో బాగాలేదని చెప్పు, అబద్ధాలు నీకు కొత్తకాదు. ఎవరికీ ఏమీ చెప్పను. చెప్పి దాని పేరు తీసుకుంటే అది నాకు సరిపోదు, ఇప్పుడు నాకు సరిపోయే సైజు కాదు అది. యాంప్ మాత్రం అడక్కు. నా గొంతు వినపడే చోటు నాకు ఇదొక్కటే ఉంది.

ఇంకొకటి. అది వెళ్లాక తలుపేసుకుని, నిటారుగా నిలబడి, మాస్టారు చెప్పినట్టు పొట్టనిండా గాలి తీసుకుని ఆ లైను పాడాను. సగంలో తెగింది. మళ్లీ పాడాను, మళ్లీ అక్కడే తెగింది, బుల్లికి తెగిన అక్షరం దగ్గరే. దానికి తెగినప్పుడు కింద నేనున్నాను. నేను ఆగాక గదిలో ఏ చప్పుడూ లేదు.